దేవేంద్రప్ప దొడ్డిలోంచి పోయిన బాట

ఎమ్మిగనూరు మగ్గాల బజారులో దేవేంద్రప్ప అంత గట్టిగా మాట్లాడే మనిషి ఇంకొకడు లేడు. నడుము దాకా మగ్గం గుంతలో దిగి కూర్చునే మనిషికి అంత గొంతు ఎక్కడి నుంచి వచ్చేదో! ఆ ఇంట్లో మగ్గం చప్పుడు కంటే ముందు ఆయన నోటి చప్పుడు వినిపించేది. మనవలూ మనవరాళ్లూ పుట్టి "జేజినాయనా" అని పిలిచే నాటికి ఆ గొంతు కొంచెం బొంగురుపోయింది గానీ, తగ్గిందయితే లేదు.

ఆయనకు రెండు విషయాల్లో గర్వం. ఒకటి తన నాలుక. అది ఒకసారి అన్న మాటను వెనక్కి తీసుకోదట. రెండోది తన బజారు. సంతపేట నుంచి ఆదోని బాట దాకా దారం పట్టి గీసినట్టు తిన్నగా ఉండేది ఆ బజారు. ఊళ్లో మిగతా సందులన్నీ ఎటు బుద్ధి పుడితే అటు తిరిగినవే. ఇదొక్కటే తిన్నగా ఎందుకుందంటే, దాన్ని నడవడానికని కట్టలేదు కాబట్టి.

బట్టలో నిలువుగా పోయే పోగుల్ని పడుగు అంటారు. పడుగును మగ్గానికి ఎక్కించే ముందు వీధి పొడుగునా చాచి, గంజి పట్టించి, పెద్ద కుంచెలతో దువ్వి, ఎండ ముదరక ముందే ఆరబెట్టాలి. ఇంట్లో అంత జాగా ఏ నేతగాడికి ఉంటుంది? అందుకని వీధే వాళ్ల పనిచోటు. తెల్లవారేసరికి బజారు నడుమ కొయ్యగుర్రాల మీద పడుగు సాగి ఉండేది. ఒక్కో పొద్దు ఒక్కో ఇంటి వంతు. వంతు ఎవరిదైనా పని అందరిది. మగవాళ్లు అటొకరు ఇటొకరు కుంచె లాగుతూ పోతే, ఆడవాళ్లు తెగిన పోగుల్ని వేళ్లతో మెలిపెట్టి అతికేవాళ్లు.

ఆ బజారులో ఒక కట్టుబాటు ఉండేది. చాచిన పడుగును ఎవరూ దాటకూడదు. పడుకున్న పిల్లను దాటితే పిల్ల ఎదగదంటారే, ఇదీ అట్లాంటిదే. దాని దగ్గరికి వచ్చినవాడు చుట్టు తిరిగైనా పోవాలి, లేకపోతే నిలబడి ఒక చెయ్యి వెయ్యాలి. ఒకసారి పెండ్లికొడుకు మెరవణి వస్తే, వాయిద్యాలు ఆపించి పెండ్లికొడుకు చేతికే కుంచె ఇచ్చారు. ఇచ్చింది ఎవరో చెప్పక్కర్లేదు.

"బాట వేరు, బజారు వేరప్పా," అనేవాడు దేవేంద్రప్ప. "బాట పోయేదానికి. బజారు ఉండేదానికి."

ఈ జ్ఞానం ఆయనకు ఆదోనిలో కలిగింది.

నూలు కోసం ఆయన అప్పుడప్పుడూ ఆదోని పోయేవాడు. పోయినప్పుడల్లా తప్పిపోయేవాడు. పుట్టినప్పటి నుంచి ఒకే తిన్నటి వీధి చూసినవాడికి, కొండ కిందనున్న ఆ పాత పేటలో దూరితే దిక్కు తెలిసేది కాదు. ఒక సందు ఇంకో సందులోకి తోస్తుంది, అది ఎవరిదో ఎనుముల కొట్టం ముందుకు తీసుకుపోయి నిలబెడుతుంది. "దూడ తాడు తెంచుకోని పరిగెత్తిన తోవలో ఊరు కట్టినారు," అని తిట్టుకుంటూ ఆ సందులోనే మళ్లీ మళ్లీ తిరిగేవాడు. చివరికి ఇంద్రసేనయ్య అరుగు కనబడితే ప్రాణం లేచి వచ్చేది.

ఇంద్రసేనయ్య పత్తీ నూలూ వ్యాపారం చేసే శెట్టి. ఆయన అంగడి ముందు నల్లబండ పరిచిన పెద్ద అరుగు ఉండేది. దేవేంద్రప్ప దాని మీద కూర్చుని, చెంబెడు నీళ్లు తాగి, ఒక కునుకు తీసి, ఆ తర్వాతే నూలు బేరం మొదలుపెట్టేవాడు.

ఒక ఏడు పోయినప్పుడు ఆ అరుగు కనబడలేదు. అంగడి ముందు నుంచే అటూ ఇటూ తిరిగాడు గానీ గుర్తుపట్టలేకపోయాడు. లోపల్నుంచి ఇంద్రసేనయ్యే పిలిచాడు.

"ఏం దేవేంద్రప్పా, మా అంగడికి కావలి కాస్తాండావా?"

"అరుగేమాయ శెట్టప్పా?"

"పత్తిబండ్లు పోయేదానికి సందు సాల్లేదప్పా. స్టేషన్ కాడ పత్తి గింజ తీసే జిన్నులు పెరిగినాయి కదా, పల్లెల బండ్లన్నీ ఇట్లే పోతాండాయి. ఎదురుబొదురు వస్తే ఎద్దుల కొమ్ములు ఎద్దుల కొమ్ముల్లో ఇరుక్కుంటాండె. వీధి పొడుగునా అరుగులు కొట్టేయించినారు. కూర్చో."

కూర్చోమంటే ఎక్కడ కూర్చుంటాడు? గడప మీద సగం ఆనుకుని నిలబడే బేరం చేశాడు. ఆ రోజు కునుకు లేదు. పక్కనే పోతున్న బండి చక్రం దుమ్ము ఆయన చెంబులో పడింది.

ఇంటికి వచ్చి భార్య భీమమ్మతో చెప్పాడు. "బండి వీధిలోకి వస్తే ముందు అరుగు తింటాది. మల్ల నీడ తింటాది. మల్ల గడప కాడికి వస్తాది. సూస్తాండు."

"ముందు నువ్వు తిను, సంగటి సల్లారిపోతాంది," అంది భీమమ్మ.

ఆయన భయం ఊరికే పోలేదు. పంతొమ్మిది వందల ముప్పైల చివర్లో, నేతగాళ్లంతా కలిసి సంఘం పెట్టుకుంటున్న రోజుల్లోనే, ఇంద్రసేనయ్య ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి ఒక బస్సు పెట్టాడు. పొద్దున్నే సంతపేటలో బయల్దేరితే ఆదోనిలో రైలు అందుకోవచ్చు. కానీ సంతపేట నుంచి ఆదోని బాట ఎక్కాలంటే వంక గట్టు మీదుగా పెద్ద చుట్టు. వాన పడితే అక్కడి నల్లరేగడి చక్రాల్ని పట్టుకుని వదిలేది కాదు. ఊళ్లో తిన్నటి దారి ఒకటే ఉంది. అది దారి కాదని దేవేంద్రప్ప ఎంత అన్నా, చూసేవాళ్లకు దారిలాగే ఉంది.

గ్రామపెద్ద పాండురంగయ్య టముకు వేయించాడు. రేపటి నుంచి బస్సు మగ్గాల బజారులో పోతుంది, పడుగులు ఎండెక్కినాక వేసుకోవాలి అని. ఎండెక్కినాక గంజి పెడితే పోగులు పెటపెటా తెగుతాయని నేసేవాళ్లకు ఎవరు చెప్పాలి? బజారంతా ఆ సాయంత్రం వంటలు మానేసి గడపల్లో కూర్చుంది. పొద్దుటి పడుగు పోతే మగ్గం లేదు, మగ్గం పోతే బజారుకు ఆ పేరే లేదు.

మరుసటి పొద్దు వంతు పక్కింటి మాదన్నది. దేవేంద్రప్ప దాన్ని తనకిమ్మన్నాడు.

"బస్సు కింద పడేది నా పడుగే పడనీ," అన్నాడు.

"పడుగొకటే కదన్నా, నువ్వు గాదు కదా?" అన్నాడు మాదన్న, కొంచెం ఆశగా.

తెలతెలవారుతుండగా బస్సు వచ్చింది. ముందు సీటులో స్వయంగా ఇంద్రసేనయ్య, కొత్త పంచె కట్టుకుని. బండి నడిపేది మాబుసాబు. ఎదురుగా వీధి పొడుగునా తెల్లటి పడుగు, దాని తల దగ్గర చేతిలో కుంచెతో దేవేంద్రప్ప. మాబుసాబు హారన్ కొట్టాడు. కోళ్లు అరిచాయి, మనుషులు కదల్లేదు.

"అన్నా, దారి ఇడవండన్నా! అవతల రైలుండాది!"

"దారి అట్లుండాది సాయిబూ, వంక కాడ. ఇది బజారు."

ఇంద్రసేనయ్య దిగాడు. "దేవేంద్రప్పా, మన మధ్య ఇదేం పని? తీయించప్పా."

"నీకు తెలీందేముంది శెట్టప్పా, గంజి పడిన పడుగును తీస్తే అతుక్కోని ముద్దయిపోతాది. నీ నూలే ఇది. రా, రా. పడుగు కాడికి వచ్చినోడు ఒట్టి చేతుల్తో పోకూడదు."

శెట్టి వద్దనేలోగా గంజి కుండ ఆయన చేతుల్లో ఉంది. బస్సులోని వాళ్లు ఒక్కొక్కరే దిగారు. గోనెగండ్ల నుంచి వచ్చిన ఆడకూలీలు కొందరు, చూస్తూ నిలబడటం చేతగాక, తెగిన పోగులు అతకడానికి కూర్చున్నారు. మాబుసాబు కూడా బండి ఆపేసి ఒక కుంచె కొస పట్టుకున్నాడు. నవ్వులూ కబుర్లూ మొదలయ్యాయి. పడుగు ఆరేసరికి ఆదోనిలో రైలు వెళ్లిపోయింది. ఇంద్రసేనయ్య కొత్త పంచె మీద ఒలికిన గంజి ఎండి, రేకులాగ నిలబడింది. ఆయన బస్సెక్కుతుంటే కరకరమని చప్పుడయింది. "ఏం లేదులే శెట్టప్పా, ఇంక అది మాసిపోదు," అని సాగనంపాడు దేవేంద్రప్ప.

ఆ సాయంత్రమే పాండురంగయ్య ఇంటి పందిరి కింద పంచాయితీ పెట్టారు. ఇంద్రసేనయ్య వేరే పంచె కట్టుకుని వచ్చాడు. కోపం ఉంది గానీ, మధ్యమధ్యలో పొద్దుటిది గుర్తొచ్చి నవ్వూ వస్తోంది ఆయనకు.

"రోజూ నా సేత కుంచె పట్టిస్తారా ఏమి? ఊరు పెరుగుతాంది. ఈ పొద్దు బస్సు, రేపు లారీ. యాడనో ఒక సోట బాట ఉండల్ల కదా?"

"బజారు ఎనకమాల బీడుండాది," అన్నాడు పాండురంగయ్య నెమ్మదిగా. "ఇండ్ల ఎనక నుంచి తిన్నగా బాట ఎయ్యొచ్చు. కాకపోతే సంతపేట కాడికి వచ్చేసరికి..."

ఆయన్ను మాట పూర్తి చేయనిస్తే దేవేంద్రప్ప ఎట్లా అవుతాడు? లేచి నిలబడ్డాడు.

"ఎయ్యండి! మా బజారు ఒక్కటి ఇడిసిపెట్టండి సాలు. ఆ బాట ఎవురి నెత్తి మీద పోతే మాకేమి? నా నెత్తి మీద పోయినా సరే! అందురూ ఇనండప్పా, దేవేంద్రప్పకు నాలిక ఒకటే!"

బజారు బజారంతా చప్పట్లు కొట్టింది. పాండురంగయ్య మాత్రం మీసం దువ్వుకుంటూ, "సరేప్పా, అందురూ ఇన్నారు కదా," అన్నాడు.

మరునాడు బీట్లో కొయ్యలు పాతుతూ, తాడు లాగుతూ, సున్నం పోస్తూ మనుషులు వచ్చారు. దేవేంద్రప్ప మగ్గం గుంతలోంచి లేచి, తాను గెలిచిన బాట ఎట్లా ఉంటుందో చూద్దామని తీరిగ్గా నడుచుకుంటూ పోయాడు. తెల్లటి గీత ఇండ్ల వెనకగా చక్కగా సాగుతోంది. దాని వెంట నడిచాడు. అది ఒక ముళ్లకంచెను దాటింది. ఒక బీరపాదు పక్కగా పోయింది. ఎవరిదో వంటింటికీ ఒక పెద్ద రోలుకూ మధ్యలోంచి సాగి సంతపేటలో కలిసింది.

"ఎవురి దొడ్డిరా పాపం ఇది?" అన్నాడు జాలిగా.

సున్నం పోసే మనిషి తలెత్తి చూశాడు. "నీదే గదప్పా!"

నవ్వేవాళ్లు నవ్వొచ్చు గానీ, అది ఆయన తప్పు కాదు. నేతగాడు బతుకంతా వీధి వైపు ముఖం పెట్టి కూర్చుంటాడు. ఇంటి ముందు ఎవరు పోయారో, ఎవరు తుమ్మారో కూడా తెలుస్తుంది. ఇంటి వెనక రాజ్యం ఆడవాళ్లది. దేవేంద్రప్పది సంతపేట వైపు కొస ఇల్లు. ఆ దొడ్డిని పెండ్లయిన కొత్తలో చూశాడు, మంచం పట్టేంత ఉండేది. ఆ తర్వాత భీమమ్మ ఏటేటా కంచె బాగుచేసే వంకతో దాన్ని రవ్వంత, రవ్వంత బీట్లోకి జరుపుకుంటూ పోయింది. ఇప్పుడక్కడ బీరపాదూ, ఎనుముకు కొట్టమూ, గంజికి జొన్నలు రుబ్బే రోలూ అన్నీ ఉన్నాయి. ఊరంతటికీ తెలిసిన ఈ సంగతి ఆ ఇంటి యజమానికి మాత్రమే తెలియదు.

పరుగున పాండురంగయ్య దగ్గరికి పోయాడు.

"అయ్యా, బాట ఆ కొస రోంత వంకర తిప్పితే?"

"తిప్పితే అవతల సంతకట్ట పోతాది. అయినా నీకు తిన్నటిదంటే పానం కదప్పా." పాండురంగయ్య గొంతు తగ్గించాడు. "ఆ కంచె సంగతి నేను అడిగినానా సెప్పు? ఇంగ నీ ఇష్టం. నువ్వు వద్దంటే బస్సు బజార్లోనే పోతాది. మాట ఎనక్కి తీసుకున్నాడని నేనే టముకు ఏపిస్తా."

దేవేంద్రప్ప ఇంటికి వచ్చేసరికి నాలుక ఎండిపోయి ఉంది. ఒక పక్క బజారు. ఇంకో పక్క భీమమ్మ దొడ్డి. బజారు కోసం ఎవరితోనైనా కొట్లాడగలడు. భీమమ్మతో కొట్లాడిన అనుభవం ఉంది కాబట్టే దొడ్డి మాట ఎత్తలేదు. తిండి ముందు కూర్చుని, ఎన్నడూ లేనిది, కూరను మెచ్చుకున్నాడు.

"బీరకాయ శానా బాగుండాది భీమీ."

"ఉంటాది. ఇంగ రెండు దినాలే కదా ఆ పాదు," అంది భీమమ్మ.

ఆయన ముద్దను మళ్లీ పళ్లెంలో పెట్టాడు. "నీకెట్ల తెలుసు?"

"సున్నం పోసేటోళ్లకు నీళ్లిచ్చింది ఎవురనుకున్నావు? నిన్న పందిట్లో నువ్వు ఎగిరింది గూడా తెలుసు. నెత్తి మీద పోనీ అన్నావంట కదా. నీ నెత్తి మీద పోతే ఎవురికేం నట్టం, అంతా బీడే!"

దేవేంద్రప్ప తల దించుకున్నాడు. ఆమె ఇంకొంచెం సంగటి పెట్టింది.

"గమ్మున తిను. నేను ఆలోచన సేసినా. బజారు పోతే పడుగు ల్యాదు. పడుగు ల్యాకపోతే గంజి ఎవురికి? రోలు ఎందుకు? దొడ్డి పోతే బజారుంటాది, గంజి కావల్సొస్తాది, నా రోలుకు పనుంటాది. దొడ్డి పోనీ. పాండురంగయ్యతో పొద్దున్నే మాట్లాడినా. రోలును మాత్రం ఎవురూ కదిలించకూడదు, అది మా అత్త బీట్లో పాతిన రోలు. బాటకు ఆ పక్క మిగిలే ముక్క నా పేరున రాసియ్యల్ల. సరే అన్నాడు."

జరిపి జరిపి కలుపుకున్న బీడు ముక్కను, ఇచ్చేటప్పుడు దానంగా ఇచ్చి, మిగిలింది పట్టా చేయించుకుంది భీమమ్మ. ఇది దేవేంద్రప్పకు అర్థమయ్యేసరికి తిండి అయిపోయింది. "అయితే పొద్దున నన్నట్ల పరిగెత్తించినాడేమి, ఆ పెద్దాయన?" అని మాత్రం అడిగాడు.

"నేనే సెప్పినా, రోంత పరిగెత్తించమని."

దొడ్లో ఎనుము కొట్టం గోడకు మొదటి గడ్డపార దెబ్బ దేవేంద్రప్పే వేశాడు. బజారంతా చూస్తుండగా వేశాడు కాబట్టి బాగానే వేశాడు. రెండో దెబ్బకు ముఖం పక్కకు తిప్పుకున్నాడు. గరుసు పోసి, రోలర్ తిప్పి, వానలకు ముందే బాట పూర్తి చేశారు. ఇంద్రసేనయ్య మొదటి బస్సులో వచ్చి, పాత పంచె కట్టుకునే వచ్చి, కొబ్బరికాయ కొట్టాడు.

అప్పటి నుంచి వంటిల్లు బాటకు ఈ పక్క, రోలు ఆ పక్క. భీమమ్మ జొన్నల గంప నెత్తిన పెట్టుకుని బాట దాటాల్సి వచ్చేది. ఆమె ఎడమా కుడీ చూడదు. చూడాల్సింది వచ్చేవాళ్లే. మాబుసాబు దూరం నుంచే వేగం తగ్గించి, "దాటు పెద్దమ్మా, దాటు" అని కేకేసేవాడు. బజారులో పడుగులు మునుపటిలాగే పొద్దున్నే సాగాయి. దేవేంద్రప్ప మాత్రం కొన్నాళ్లు కుంచె లాగుతూనే చెవి వెనక్కి పెట్టేవాడు. "బస్సు రోంత ఆలస్యమాయనే ఈ పొద్దు," అనేవాడు. "నీకెందుకన్నా, బజారు మనిషివి," అనేవాడు మాదన్న.

బాట పడ్డాక ఊరు దాని వెంట నడిచింది. ముందు ఒక సోడా అంగడి, తర్వాత ఒక సైకిలు షాపు, ఒక లాడాలు కొట్టేవాడు. ఎద్దులకు ఆగే చోటు దొరికేసరికి పత్తిబండ్లూ అటే తిరిగాయి. గోనెగండ్ల వైపు నుంచి, మద్దికెర వైపు నుంచి నేసే కుటుంబాలు వచ్చి బాటకు ఆవల ఇండ్లు వేసుకున్నాయి. వాళ్లు వీధి ఎంత పొడుగు పెట్టాలని అడిగితే, దేవేంద్రప్ప తన పడుగునే మోయించుకుపోయి బీట్లో చాపించాడు. ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒక బజారు. కొస దగ్గర బండ్లు పోవడానికి ఒక అడ్డసందు. మళ్లీ ఒక పడుగు, మళ్లీ ఒక సందు. పనివేళ బండ్లు సందుల్లో తిరుగుతాయి, బజార్లు నేతకు ఉంటాయి. బట్టలో అడ్డంగా పోయే పోగు పేక కాబట్టి, అవి పడుగు బజార్లు, పేక సందులు అయ్యాయి. ఆదోని నుంచి వచ్చిన ఇంద్రసేనయ్య అవి చూసి, "మా ఊరు కట్టేటప్పుడు నువ్వు పుట్టి ఉంటే మా అరుగు మిగిలేది కదప్పా," అన్నాడు. ఆ మాటను దేవేంద్రప్ప చచ్చేదాకా వాడుకున్నాడు.

యుద్ధం వచ్చింది. పెట్రోలు కరువై, మాబుసాబు బస్సు వెనక ఒక బొగ్గుల పొయ్యి తగిలించుకుని, దాని పొగతో నడవసాగింది. నడవసాగింది అనడం కూడా ఎక్కువే. సంతపేట నుంచి కొంచెం ఎగువ వచ్చేసరికి దానికి ఆయాసం వచ్చేది. సరిగ్గా రోలు పక్కకు రాగానే ఆగేది. మాబుసాబు దిగి పొయ్యి కెలికి, బొగ్గులు వేసి, మళ్లీ ఊపిరి పోసేదాకా అందరూ కింద నిలబడేవాళ్లు. నిలబడ్డ మనుషుల్ని చూస్తే భీమమ్మకు ఊరికే ఉండబుద్ధి కాలేదు. పట్టా ముక్కలో నాలుగు తడికెలు కట్టి, బొరుగులు నానబెట్టి ఉగ్గాని చేసి, మిరపకాయ బజ్జీలు వేయడం మొదలుపెట్టింది. కారం నూరేది ఆ రోల్లోనే, గంజికి రుబ్బేది ఆ రోల్లోనే. కడిగే వాడుతానని ఆమె ఒట్టు. కానీ ఆ రోజుల్లో ఎమ్మిగనూరు చీర కట్టుకుంటే ఒళ్లు కొంచెం మండేదని మాదన్న ప్రచారం చేశాడు.

కొన్నాళ్లకు బస్సుకు పొయ్యి పోయి పెట్రోలు వచ్చింది. ఆయాసం తగ్గింది. అయినా అక్కడ ఆగడం మానలేదు. కండక్టరు తలుపు చరిచి, "రోలు! భీమమ్మ రోలు కాడ దిగేటోళ్లు!" అని అరిచేవాడు.

దేవేంద్రప్పకు ఇది మింగుడుపడలేదు. కొట్లాడింది ఆయన, మాటిచ్చింది ఆయన, గోడకు గడ్డపార వేసింది ఆయన. పేరు రోలుకా? ఒకరోజు మాబుసాబును పక్కకు పిలిచి, బజ్జీలు తినిపించి అడిగాడు.

"సాయిబూ, 'దేవేంద్రప్ప దొడ్డి' అని పిలిపిస్తే ఎట్లుంటాది?"

"దానికేం భాగ్యమన్నా!" అన్నాడు మాబుసాబు.

మరుసటి రోజు కండక్టరు గొంతు చించుకుని "దేవేంద్రప్ప దొడ్డీ!" అని అరిచాడు. ఒక్కడూ దిగలేదు. అందరూ సంతపేట దాకా పోయి, రోలు దాటిపోయిందని కండక్టరుతో కొట్లాడి, ఎండలో వెనక్కి నడిచి వచ్చారు. ఉగ్గాని ఆ పొద్దు మిగిలిపోయింది. భీమమ్మ దాన్ని మొత్తం మొగుడి చేతే తినిపించింది.

ఆ తర్వాత ఒక సాయంత్రం దేవేంద్రప్ప ఆదోని నుంచి నూలు కట్టలతో బస్సులో వస్తున్నాడు. ఆదోనిలో ఆ రోజు కూడా తప్పిపోయాడు, కాళ్లు లాగుతున్నాయి. కట్టల మీద తల ఆనించి కునుకు తీస్తుంటే కొత్త కండక్టరు వచ్చి భుజం తట్టాడు.

"యాడ దిగల్ల తాతా?"

దేవేంద్రప్ప కళ్లు తెరవలేదు.

"పొద్దున్నే పడుగు పని ఉండాదప్పా, నన్ను దాటిపోనీకు," అన్నాడు. "రోలు కాడ ఆపు."